మా కొండల వయసు, మా నీళ్ళ రుచి

మా సాంఘిక శాస్త్రం పుస్తకంలో తూర్పు కనుమల గురించి ఉండేది కొన్ని వాక్యాలే. పరీక్షలో "పడమటి కనుమలకు, తూర్పు కనుమలకు తేడాలు రాయండి" అని ప్రశ్న వస్తుంది. మధ్యలో గీత కొట్టి రాస్తాము. ఎడమ పక్క పడమటి కనుమలు: ఎత్తు ఎక్కువ, వాన ఎక్కువ, అడవి ఎక్కువ, తెగకుండా ఒకే వరుస. కుడి పక్క మన కనుమలు: ఎత్తు తక్కువ, వాన తక్కువ, మధ్యమధ్యలో తెగిపోయి ఉంటాయి. అన్నీ తక్కువే. అయిదు మార్కులు వచ్చేస్తాయి.

కానీ ధర్మపురి జిల్లాలో పుట్టినవాళ్ళం ఆ కుడి పక్క గడిలోనే ఉంటున్నాము. ఈ కొండల రాయి మా ఇంటి పునాదిలో ఉంది, రోటిలో ఉంది, బోరు నీళ్ళలో ఉంది. మా ఇంట్లో కొందరి పండ్లలో, ఎముకల్లో కూడా ఉంది. అది ఎట్లా వచ్చిందో తెలుసుకోవాలని ఒక సంవత్సరంగా చదివినాను, సార్లను అడిగినాను. తెలిసింది ఈ వ్యాసంలో రాస్తున్నాను.

చుట్టూ ఉన్న కొండలు

మా జిల్లాలో ఏ ఊళ్ళో మిద్దె ఎక్కి చూసినా ఏదో ఒక పక్క కొండ కనబడుతుంది. దక్షిణాన సేలం దారిలో తొప్పూరు కనుమ, దాని పక్కన ఏర్కాడు ఉండే శేర్వరాయన్ కొండలు. ధర్మపురికి దగ్గరలో వత్తల్‌మలై. అరూరు వైపు పోతే చిత్తేరి కొండలు, తీర్థమలై. ఈశాన్యంలో జవ్వాది కొండలు. పడమట పెన్నాగరం దాటితే కావేరి లోయ, దాని పైన ఏనుగులు తిరిగే మేలగిరి అడవులు. అంచెట్టి, దేన్కనికోట వైపు చుట్టాలున్నవాళ్ళకి ఆ అడవి బాగా తెలుసు.

వత్తల్‌మలై, చిత్తేరి కొండల మీద ఉండేవాళ్ళని మలయాళీలు అంటారు. కేరళ మలయాళీలు కాదు. మలై అంటే కొండ, ఆళు అంటే మనిషి. కొండ మనుషులు అని అర్థం. వాళ్ళు కొర్రలు, సామలు, రాగులు పండిస్తారు. వత్తల్‌మలైలో కాఫీ, మిరియాలు కూడా ఉన్నాయి. ఎండాకాలంలో ధర్మపురి బస్టాండులో నిలబడలేము, అదే రోజు ఆ కొండ పైన చల్లగా ఉంటుంది.

పాతకాలంలో మా ప్రాంతాన్ని బారామహల్ అనేవారు. కొండల మీద పన్నెండు కోటలు ఉండేవి కాబట్టి ఆ పేరు. 1792లో టిప్పు సుల్తాన్ నుంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. ఆ రోజుల్లో ఇక్కడ భూములు కొలిచి పన్ను వేసినవాళ్ళలో థామస్ మన్రో ఒకడు. తర్వాత ఆయనే కడప, అనంతపురం, బళ్ళారి వైపు పోయినాడు. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారని చదివినాను. బారామహల్ తర్వాత సేలం జిల్లాలో కలిసింది. 1965లో ధర్మపురి వేరే జిల్లా అయింది. 2004లో అందులో నుంచి కృష్ణగిరి విడిపోయింది. మనుషులు గీసిన గీతలు ఇన్నిసార్లు మారినాయి. కొండలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఒకే పేరు, మూడు రకాల కొండలు

తూర్పు కనుమలు ఒడిశాలో మొదలై ఆంధ్రప్రదేశ్ మీదుగా తమిళనాడు దాకా వస్తాయి. నీలగిరుల దగ్గర పడమటి కనుమలతో కలుస్తాయి. దారిలో మహానది, గోదావరి, కృష్ణ, పెన్న, కావేరి వీటిని కోసుకుని సముద్రం వైపు పోతాయి. పుస్తకంలో "తెగిపోయిన" అని రాసింది దీన్నే. పాపికొండల మధ్య గోదావరి, శ్రీశైలం దగ్గర కృష్ణ, గండికోట దగ్గర పెన్న, హొగెనక్కల్ దగ్గర కావేరి, అన్నీ ఈ కోతలే.

నాకు చాలా ఆశ్చర్యం వేసిన సంగతి ఏమంటే, పేరు ఒకటే కానీ ఇవి ఒకే కాలంలో పుట్టిన కొండలు కావు. ఒడిశా, విశాఖపట్నం, అరకు వైపు ఉండే రాళ్ళు దాదాపు 100 కోట్ల సంవత్సరాల కిందట వేడికి, ఒత్తిడికి ఇప్పటి రూపానికి వచ్చినాయి. అక్కడి ఒక రకం రాయికి ఖోండలైట్ అని పేరు. ఆ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టినారు. కోణార్క గుడి కట్టింది ఎక్కువగా ఆ రాయితోనే.

మధ్యలో నల్లమల, శేషాచలం, పాలకొండ, వెలికొండ ఉంటాయి. ఇక్కడి రాళ్ళు చాలా వరకు పాత సముద్రం అడుగున ఇసుక, బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడినవి. దీన్ని కడప బేసిన్ అంటారు. అంత దూరం పోనక్కరలేదు. మా వంటింట్లో గ్యాస్ స్టవ్ పెట్టే నల్ల బండని ఇక్కడ తమిళంవాళ్ళు కూడా కడప్పా కల్లు అంటారు. అది కడప వైపు నుంచి వచ్చిన సున్నపురాయి జాతి. దాని పక్కనే ఉండే రుబ్బురోలు మా ఊరి రాయి. అంటే రెండు కాలాల తూర్పు కనుమలు మా అమ్మ వంటింట్లో పక్కపక్కనే ఉన్నాయి.

మూడోది మా వైపు కొండలు. ఇవి అన్నిటికన్నా పాతవి. వీటి రాళ్ళకి దాదాపు 250 కోట్ల సంవత్సరాల వయసు. ఆ అంకె మనసుకి ఎక్కదు కాబట్టి నేను ఒక లెక్క వేసుకున్నాను. భూమి వయసు 454 కోట్ల సంవత్సరాలు. భూమిని నూరేళ్ళ ముసలవ్వ అనుకుంటే, మా ధర్మపురి రాయి ఆమెకి 45 ఏళ్ళ వయసులో పుట్టింది. రాక్షస బల్లులు చచ్చిపోయి ఏడాదిన్నర అయింది. హిమాలయాలు నిరుడు లేవడం మొదలు పెట్టినాయి. అంత ఎత్తు ఉండి కూడా అవి మన కొండల ముందు పసిబిడ్డలు. మన కొండలు ఎత్తు తక్కువగా ఎందుకు ఉన్నాయంటే, అంతకాలం ఎండకి, వానకి, గాలికి అరిగిపోయినాయి. తక్కువ అని రాసే చోట "పాతవి" అని రాస్తే సరిగ్గా ఉంటుందని నాకు అనిపిస్తుంది.

తిరుమలకు పోయేవాళ్ళు ఈ కాలాల తేడాని కళ్ళతో చూడొచ్చు. కొండ ఎక్కే ఘాట్ రోడ్డు పక్కన ఒక చోట కింద పాత గ్రానైట్ రాయి, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్జైట్ రాయి కనబడుతుంది. ఆ రెండు రాళ్ళ మధ్య ఉండేది సన్నని గీత. కానీ ఆ గీతలో కోట్ల కోట్ల సంవత్సరాలు మాయమైపోయినాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. పైన ఉండే శిలాతోరణం కూడా అలాంటిదే.

సేలం బస్సులో భూమి లోపలికి

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోయే 44వ జాతీయ రహదారి మా ధర్మపురి మీద పోతుంది. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం, బెంగళూరు, హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి, సేలం. లారీ డ్రైవర్లకి ఇది సరుకుల రోడ్డు. భూగర్భ శాస్త్రవేత్తలకి ఇందులో కృష్ణగిరి నుంచి ధర్మపురి దాకా ఉండే ముక్క చాలా పేరున్న చోటు.

ఎందుకంటే ఆ దారిలో దక్షిణానికి వచ్చే కొద్దీ రాయి మారుతుంది. కృష్ణగిరి వైపు తెలుపు, నలుపు చారలుండే నైస్ రాయి ఎక్కువ. ధర్మపురి వైపు వచ్చేసరికి చార్నోకైట్ అనే రాయి మొదలవుతుంది. తాజాగా పగలగొడితే అది నూనె రాసినట్టు జిడ్డుగా, నీలం కలిసిన బూడిద రంగులో మెరుస్తుంది. అలాంటి రాయి తయారు కావాలంటే భూమి లోపల 20 కిలోమీటర్లకు పైగా లోతు, 700 డిగ్రీలకు మించిన వేడి కావాలి. అంత లోతులో ఉడికిన రాయి, పైన ఉండేదంతా అరిగిపోయి, మెల్లమెల్లగా పైకి లేచి, ఇప్పుడు మా మేకలు ఎక్కే గుట్ట అయింది. అంటే కృష్ణగిరిలో బస్సెక్కి ధర్మపురిలో దిగేవాళ్ళు, ఒకప్పటి భూమి లోపలికి ఇంకా లోతుగా దిగినట్టు లెక్క. టికెట్ మాత్రం మామూలు టికెట్టే.

ఆ పేరు వెనక ఒక కథ ఉంది. కలకత్తాలో మొదట స్థిరపడిన ఇంగ్లీషు వ్యాపారి జాబ్ చార్నాక్ సమాధి అక్కడి సెయింట్ జాన్ చర్చిలో ఉంది. ఆ సమాధి రాయి మద్రాసు వైపు నుంచి పోయింది. 1893లో థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ రాయిని చూసి, ఈ రకానికి చార్నోకైట్ అని పేరు పెట్టినాడు. మా అవ్వకి ఈ కథ చెప్తే, "రాయి మన పక్కది, పేరు చచ్చిపోయిన దొరదా?" అని నవ్వింది. మా ఊళ్ళో దానికి ఎప్పటి నుంచో నల్లబండ అని పేరు.

రాతిలో నుంచి నీళ్ళలోకి

ఇంతవరకు రాసింది చదవడానికి బాగుంటుంది. ఇక మా ఇంటి సంగతి.

ఇలాంటి పాత గట్టి రాళ్ళలో నీళ్ళు ఇసుకలో ఉన్నట్టు ఉండవు. పగుళ్ళలో మాత్రమే ఉంటాయి. తీర్థమలై మీద గుడి దగ్గర బండ సందులో నుంచి నీళ్ళు పడుతుంటాయి. అందరూ తల మీద చల్లుకుంటారు. భక్తికి అది తీర్థం. భూగోళానికి అది పగులులో నుంచి వచ్చే ఊట. రెండూ నిజమే. మా ఊళ్ళో బోరు వేసినప్పుడు నీళ్ళు పడితే ఆ యంత్రం ఏదో ఒక పగులుని తాకిందని అర్థం. తాకకపోతే దుమ్ము లేస్తుంది, అప్పు మిగులుతుంది.

గ్రానైట్, నైస్ రాళ్ళలో నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్, అపటైట్ అనే ఖనిజాలు ఉంటాయి. వాటిలో ఫ్లోరిన్ ఉంటుంది. వాన నీళ్ళు పగుళ్ళలో దిగి, ఏళ్ళ తరబడి అక్కడే నిలబడితే, ఆ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కొంచెం కొంచెంగా నీళ్ళలో కరుగుతుంది. నీళ్ళలో సున్నం అంటే కాల్షియం బాగా ఉంటే, అది ఫ్లోరైడ్‌ని పట్టుకుని అడుగుకి దించేస్తుంది. కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ నీళ్ళలోనే మిగిలిపోతుంది. మా జిల్లాలో వాన తక్కువ, ఎండ ఎక్కువ. కొత్త నీళ్ళు చేరి పాత నీళ్ళని పలచన చేయడం తక్కువ. మా తాత కాలంలో తాగింది దిగుడు బావి నీళ్ళు. వాన పడితే నిండేది, ఎండ కాస్తే తగ్గేది. తర్వాత బావులు ఎండినాయి. బోర్లు వచ్చినాయి. వందల అడుగులు దిగి రాతి మధ్యలో చాలా కాలంగా నిలవున్న నీళ్ళు తాగడం మొదలు పెట్టినాము. నీళ్ళు చూడడానికి అద్దంలాగా ఉంటాయి. వాసన లేదు, రంగు లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

మన దేశ ప్రమాణం ప్రకారం ఒక లీటరు తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపల ఉండడం మంచిది. వేరే నీళ్ళు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. కొంచెం ఉంటే పండ్లకి మంచిదే, టూత్ పేస్టులో కలిపేది అదే. ఎక్కువైతే పండ్లకి పసుపు, గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు గట్టిపడి, కీళ్ళు బిగుసుకుపోతాయి. మెడ తిరగదు, నడుము వంగదు.

ఇది మా ఒక్క జిల్లా కష్టం కాదు. మన దేశంలో ఈ జబ్బు గురించి మొదట బయటపడింది తెలుగు నేల మీదే. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన దర్శి, పొదిలి ప్రాంతం అప్పుడు మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఉండేది. అక్కడ రైతులు ముందుగా గమనించింది ఎద్దులనే. మంచి ఎద్దులు కాళ్ళు బిగుసుకుపోయి కాడి లాగలేక పోయేవి. 1937లో డాక్టర్లు మనుషుల్లో కూడా అదే జబ్బు ఉందని, దానికి కారణం నీళ్ళలోని ఫ్లోరైడ్ అని రాసినారు. తెలంగాణలో నల్గొండ పేరు కూడా ఇందుకే అందరికీ తెలిసింది. పటిక, సున్నం వేసి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ పద్ధతి అనే పేరు. నాగపూర్‌లోని నీరీ సంస్థ దాన్ని తయారు చేసింది.

అక్క పండ్లు, నా పండ్లు

మా అక్క నా కన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. ఆమె చిన్నప్పుడు ఇంట్లో అందరూ వీధి చివర బోరు నీళ్ళే తాగేవాళ్ళు. చిన్న పిల్లలకి చిగుళ్ళ లోపల పక్కా పండ్లు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ పండ్లు మచ్చలతోనే వస్తాయి. దాదాపు ఎనిమిదేళ్ళు నిండేసరికి ఆ పని అయిపోతుంది. తర్వాత ఎంత తోమినా పోదు. మా అక్క ముందు పండ్ల మీద గోధుమ రంగు చారలు ఉన్నాయి. ఆమె రోజుకి రెండుసార్లు తోముతుంది. ఫోటో తీసేటప్పుడు నోరు మూసుకుంటుంది. నవ్వు వస్తే చేయి అడ్డం పెట్టుకుంటుంది.

నిరుడు ఒక సంబంధం వాళ్ళు వచ్చినారు. కాఫీ తాగి, మాటలు అయినాక, అందులో ఒకామె మా అమ్మని పక్కకి పిలిచి, "మీ పాప ఆకు వక్క వేస్తుందా?" అని అడిగింది. అమ్మ, "లేదమ్మా, ఇది మా ఊరి నీళ్ళ దోషం" అని చెప్పింది. వాళ్ళు తలాడించి పోయినారు, మళ్ళీ కబురు రాలేదు. అక్క ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. మరుసటి రోజు హోసూరులో డ్యూటీకి ఎప్పటిలాగానే పోయింది.

నా పండ్లు తెల్లగా ఉన్నాయి. నేను అక్క కన్నా బాగా తోమినందుకు కాదు. నాకు జ్ఞానం వచ్చేసరికి మా వీధికి కావేరి నీళ్ళ కొళాయి వచ్చింది. ఒకే అమ్మ, ఒకే ఇల్లు, ఒకే అన్నం. మధ్యలో ఉన్న తేడా ఒక పైపు. పుస్తకంలో ఇంత పెద్ద పాఠం నాకు ఎక్కడా దొరకలేదు.

పొగ రాయి దగ్గర నుంచి వచ్చే నీళ్ళు

హొగెనక్కల్ అనేది కన్నడ మాట. హొగె అంటే పొగ, కల్ అంటే రాయి. కన్నడంలో హొగె, మనకి పొగ, తమిళంలో పుగై. ఒక్క అక్షరమే తేడా. కావేరి అక్కడ రాతి చీలికల్లోకి దూకినప్పుడు లేచే తుంపర పొగలాగా కనబడుతుంది. అక్కడ కార్బొనటైట్ అనే అరుదైన రాయి కూడా ఉంది. భూమి లోపల కరిగిన సున్నం లాంటి ద్రవం గట్టిపడి తయారైన రాయి అది. దాదాపు 240 కోట్ల సంవత్సరాల వయసు. ఆ రకంలో ప్రపంచంలోనే చాలా పాతవాటిలో ఒకటి. పుట్టి ఎక్కి షికారు చేసి, చేపల వేపుడు తిని వచ్చేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

హొగెనక్కల్ తాగునీటి, ఫ్లోరోసిస్ నివారణ పథకం పేరులోనే మా జిల్లా జబ్బు పేరు ఉంది. జపాన్ దేశపు జైకా సంస్థ అప్పు ఇచ్చింది. 2013లో పథకం ప్రారంభమైంది. ధర్మపురి, కృష్ణగిరి రెండు జిల్లాలకీ నీళ్ళు. కావేరి లోయలో ఉంటుంది, మేము పైన ఉంటాము. కాబట్టి నీళ్ళని శుభ్రం చేసి, మోటార్లతో కొండ పైకి ఎక్కించి పంపుతారు.

నది నీళ్ళలో ఫ్లోరైడ్ తక్కువ ఎందుకని సార్‌ని అడిగినాను. "ఆ నీళ్ళకి రాతితో స్నేహం చేసేంత తీరిక లేదమ్మా, పరుగెత్తుతూ వస్తాయి" అన్నారు. కావేరి పుట్టేది కొడగులో తలకావేరి దగ్గర, అంటే పడమటి కనుమల్లో. పరీక్షలో ఎడమ పక్క గడిలో రాసే ఆ కొండల వాన, కుడి పక్క గడిలో ఉండే మా పండ్లని కాపాడుతోంది. ఇది తేడాలు రాసే ప్రశ్నలో రాదు.

మా అవ్వ ఒప్పుకున్న రోజు

కొళాయి వచ్చినా మా అవ్వ చాలా కాలం బోరు నీళ్ళే తాగింది. కావేరి నీళ్ళు చప్పగా ఉంటాయని, మందు వాసన వస్తుందని అనేది. "ఇది మీ తాత నిలబడి వేయించిన బోరు. ఈ నీళ్ళు తాగే మీ నాయన ఇంతవాడైనాడు" అనేది. అవ్వ మెడ పక్కకి తిరగదు. ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూస్తుంది. వయసు అయింది కదా అని అందరూ అనుకున్నాము. ఆమె ఈడు వాళ్ళు మా వీధిలో ఇంకా ముగ్గురు అట్లాగే నడుస్తారు.

ఈ సంవత్సరం మా సైన్స్ సార్ నీళ్ళ పరీక్ష పెట్టె తెచ్చినారు. ఇంటి నుంచి ఒక సీసాలో తాగే నీళ్ళు తెమ్మన్నారు. మేము పోటీ పడి తెచ్చినాము. నీళ్ళలో మందు చుక్కలు వేస్తే రంగు వస్తుంది. ఫ్లోరైడ్ తక్కువైతే గులాబీ రంగు, పెరిగే కొద్దీ పసుపు వైపు పోతుంది. కొళాయి నీళ్ళు గులాబీగా ఉన్నాయి. మా వీధి బోరు నీళ్ళు 1.5 గీతని దాటి పసుపు అయినాయి. క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. ఒక స్నేహితురాలి ఇంట్లో ఇప్పటికీ బోరు నీళ్ళే తాగుతారు. ఆమెకి అయిదేళ్ళ తమ్ముడు ఉన్నాడు.

సార్ అనుమతితో రెండు సీసాలూ ఇంటికి తీసుకుపోయినాను. అవ్వ ముందు పెట్టి, "అవ్వా, ఇది కొళాయిది, ఇది మన బోరుది" అని చెప్పినాను.

"రంగు మారితే ఏమే? పసుపు మంచిదే కదా" అంది.

"మంచిది కాదవ్వా. అక్క పండ్లకి పట్టింది ఇదే. నీ మెడకి పట్టింది ఇదే."

అవ్వ చాలాసేపు సీసా వైపు చూసింది. తర్వాత, "ఆ కొళాయి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయే?" అని అడిగింది.

"కావేరి, అవ్వా. తలకావేరిలో పుట్టి, మైసూరు పక్క నుంచి వస్తుంది."

"కావేరమ్మనా? ముందే చెప్పకూడదా. ఎవరో కాలవ నీళ్ళు అంటే, ఏదో కాలవ అనుకుంటి. తీర్థం కదే అది" అంది. ఆ రోజు నుంచి ఆమె చెంబు కొళాయి బిందెలోనే మునుగుతుంది. సైన్స్ చెప్పి నేను సగమే గెలిచినాను. మిగతా సగం కావేరమ్మ గెలిపించింది.

ఇప్పుడు మా ఇంట్లో రెండు రకాల బిందెలు ఉన్నాయి. తాగడానికి, వంటకి కావేరి నీళ్ళు. గిన్నెలు కడగడానికి, బట్టలకి, ఆవుకి కడుగు తొట్టి కడగడానికి బోరు నీళ్ళు. మేము ఆరుగురు పిల్లలం కలిసి, పెద్దవాళ్ళని అడిగి, వీధి బోరు గోడ మీద పెయింటుతో రాసినాము: "వాడుకకు మాత్రమే, తాగడానికి కాదు". కింద తమిళంలో "కుడిక్క అల్ల" అని కూడా రాసినాము. రెండు భాషలూ వచ్చిన పిల్లలకి ఉండే లాభం అది.

మామ పని గురించి

కొండల గురించి వ్యాసం అంటే చివర "కొండలను కాపాడుకుందాం" అని రాయడం అలవాటు. అది రాసే ముందు మా మామ గురించి చెప్పాలి. మా మామ గ్రానైట్ క్వారీలో పని చేస్తాడు. వజ్రపు పూసలు గుచ్చిన ఇనుప తాడుతో, నీళ్ళు పోస్తూ, కొండని కేకు కోసినట్టు కోస్తారు. ఆ పలకలు ఏ దేశాల ఇళ్ళల్లోకో పోతాయి. మామ జీతంతోనే ఆయన ఇద్దరు పిల్లలు చదువుతున్నారు. క్వారీ మూసేయండి అని నేను సులభంగా రాయలేను.

ఒకసారి మామని అడిగినాను: "మామా, ఈ రాయికి 250 కోట్ల ఏళ్ళంట, తెలుసా?" ఆయన కొంచెంసేపు ఆలోచించి, "మేము దిగ్గోసేది మూడు నెలల్లోనే కదమ్మా" అన్నాడు. ఆయన బాధగా అన్నాడో, మామూలుగా అన్నాడో నాకు తెలియలేదు. కానీ లెక్క మాత్రం సరిగ్గా చెప్పినాడు. చెట్టు కొట్టేస్తే ఇంకో చెట్టు నాటొచ్చు. రాయి మళ్ళీ మొలవదు. గుట్ట పోతే, దాని మీద పడి పగుళ్ళలోకి దిగే వాన నీళ్ళ దారి కూడా పోతుంది. కాబట్టి ఎక్కడ కోయాలి, ఎంత కోయాలి, ఏ గుట్టని అసలు ముట్టకూడదు అని ఆలోచించి నిర్ణయించే పెద్దలు, మామలాంటివాళ్ళ అన్నం గురించీ, గుట్ట కింద బావి గురించీ ఒకేసారి ఆలోచించాలని నా కోరిక.

చదివేవాళ్ళకు నా మాట

ఈ పత్రిక మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కూడా చదువుతారు. కాబట్టి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

మీ ఇంట్లో బోరు నీళ్ళు తాగుతుంటే ఒక్కసారి పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గితే మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కబడుతుంది. గుడ్డలో వడగడితే కూడా పోదు. కావేరి నీళ్ళు వచ్చే రోజు తాగడానికి, వంటకి వేరుగా పట్టి మూత పెట్టుకోండి. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఈ జాగ్రత్త అన్నిటికన్నా ముఖ్యం. ఆ వయసు దాటితే పండ్ల మీద మచ్చని వెనక్కి తిప్పలేము. పాలు, మునగాకు, ఉసిరికాయ లాంటివి తింటే మంచిదని డాక్టర్లు చెప్తారు. మన తగడూరు రాజు అదియమాన్ తనకి దొరికిన అరుదైన ఉసిరికాయని అవ్వైయార్‌కి ఇచ్చినాడని తమిళ పాఠంలో చదివినాము. మన జిల్లాకి ఉసిరికాయతో సంబంధం అంత పాతది.

వాన నీళ్ళు మిద్దె మీద నుంచి ఊరికే వీధిలోకి పోనివ్వకండి. ఇంకుడు గుంతలోకి పంపితే పగుళ్ళలోని పాత నీళ్ళకి కొత్త నీళ్ళు తోడవుతాయి. చెరువుల్లో పూడిక తీసినా అదే మేలు.

చివరగా, పండ్ల మీద మచ్చలుండే ఎవరినైనా చూస్తే, పండ్లు తోమలేదనో, ఆకు వక్క వేస్తారనో అనుకోకండి. అది వాళ్ళు చేసిన తప్పు కాదు. 250 కోట్ల సంవత్సరాల రాయి, ఒక పైపు రావడం ఆలస్యమైన కొన్ని సంవత్సరాలు, ఆ రెండూ కలిసి రాసిన రాత అది. మా అక్క ఈ వ్యాసం చదివి, తన సంగతి రాయడానికి ఒప్పుకుంది. "రాయి, కానీ నవ్వితే చేయి అడ్డం పెట్టుకుంటానని కూడా రాయి. చదివి ఇంకెవరైనా పెట్టుకోవడం మానేస్తారేమో" అని చెప్పింది.